పాడుబడ్డ ఇంట్లో ఏముందండీ?

ఆదివారం పూట కెమేరా భుజాన వేసుకుని బయలుదేరేవాళ్ళు రెండు రకాలు. పెళ్ళిళ్ళకు వెళ్ళేవాళ్ళు మొదటి రకం. వాళ్ళకు విందు భోజనం, తాంబూలం, పైన డబ్బూ దొరుకుతాయి. మూతపడ్డ మిల్లులూ, కూలిపోయిన బంగళాలూ, పైకప్పు లేని రైల్వే స్టేషన్లూ వెతుక్కుంటూ వెళ్ళేవాళ్ళు రెండో రకం. వీళ్ళకు దొరికేవి గబ్బిలాల కంపు, చొక్కా నిండా దుమ్ము, ఇంటికి వచ్చాక చీవాట్లు. అయినా ఈ రెండో రకంవాళ్ళు ఏటేటా పెరుగుతూనే ఉన్నారు. నా తరగతిలోనే నలుగురున్నారు. ప్రబంధ పాఠం చెబుతుంటే మూడో బెంచీలో కూర్చుని ఆవులించే కుర్రవాడు, ఊరి చివర మూతపడ్డ పత్తి మిల్లు గురించి అడిగితే అరగంట ఆగకుండా చెబుతాడు. అసూయగా ఉంటుంది.

"పాడుబడ్డ ఇంట్లో ఏముందండీ, పాములూ తేళ్ళూ తప్ప?" అని మా ఆవిడ అడుగుతూ ఉంటుంది. సబబైన ప్రశ్నే. సంధ్యవేళ దీపం పెట్టని ఇంటివైపు పోవద్దని మన పెద్దలు చెప్పారు. మర్రిచెట్టు తరవాత దయ్యాలకు మనవాళ్ళు కేటాయించిన నివాసం పాడుబడ్డ కొంపే. అటువంటి చోటికి పనిగట్టుకుని, పెట్రోలు ఖర్చు పెట్టుకుని వెళ్ళేవాళ్ళను చూస్తే ఎవరికైనా వింతగానే ఉంటుంది. ఈ వారం ఆ ప్రశ్నకు నాకు తోచిన జవాబు చెబుతాను.

తెలుగు పంతుల్ని కనుక ముందు మాట దగ్గర ఆగక తప్పదు. పాడు అంటే శిథిలం. మరి మన ఊళ్ళ పేర్ల చివర ఉన్న పాడు సంగతి ఏమిటి? ప్రత్తిపాడు అనే పేరు చూడండి. అక్కడ పాడు అంటే మనుషులు కాపురమున్న చోటు, ఊరు. ఆ పాడే మన ఇంటిపేర్లలోకి వచ్చేసరికి 'పాటి' అవుతుంది. ఊరు ఖాళీ అయి మట్టిలో కలిసిపోతే మిగిలే దిబ్బ పాటిదిబ్బ. ఆ దిబ్బలోని మన్ను పాటిమన్ను. పూర్వం రైతులు ఆ మన్ను బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవారు. తరతరాల పొయ్యిబూడిద, పేడ, చెత్త కలిసిన మన్ను కనుక పైరుకు మంచి బలం. మనుషులున్న చోటికీ, మనుషులు పోయిన చోటికీ మన భాషలో ఒకటే మాట వినిపిస్తుంది. పైగా, మనుషులు పోయిన చోటు ఉత్తది కాదనీ, దానిలో సారం ఉందనీ మన రైతుకు ఏ కాలేజీలోనూ చదవకుండానే తెలుసు.

ఇక ఈ సరదా సంగతి. ఇంగ్లీషులో దీన్ని అర్బన్ ఎక్స్‌ప్లొరేషన్ అంటారు. నగరాన్వేషణ అనుకుందాం. కెనడాలోని టొరాంటో నగరంలో జెఫ్ చాప్‌మన్ అనే యువకుడు 1996లో 'ఇన్‌ఫిల్ట్రేషన్' అనే చిన్న పత్రిక మొదలుపెట్టాడు. మూతపడ్డ భవనాలు, భూగర్భపు కాలువలు, సొరంగాలు, పెద్ద పెద్ద హోటళ్ళలో మామూలు జనం అడుగుపెట్టని వెనక దారులు - ఇలాంటి చోట్లకు వెళ్ళి, చూసి, వచ్చి, ఆ విశేషాలు మారుపేరుతో రాసేవాడు. 2005లో, ముప్ఫై ఒకటో ఏటనే పోయాడు. ఈనాడు దేశదేశాల్లో ఈ పని చేసేవాళ్ళలో పెద్దమనుషులనిపించుకునేవాళ్ళు పాటించే మర్యాద ఒకటుంది. తాళం పగలగొట్టకూడదు, వస్తువు ఎత్తుకుపోకూడదు, గోడమీద పేరు గీకకూడదు. తెచ్చుకునేది ఫొటో ఒక్కటే.

అలాగని ఈ కుతూహలం 1996లో పుట్టిందనుకోకండి. పారిస్ నగరం కింద పాతకాలపు రాతిగనుల సొరంగాలు మైళ్ళకొద్దీ ఉన్నాయి. 1793లో ఫిలిబేర్ అస్పేర్ అనే ఆసుపత్రి ద్వారపాలకుడు వాటిలోకి దిగి దారి తప్పిపోయాడనీ, పదకొండేళ్ళ తరవాత అస్థిపంజరం దొరికితే నడుముకున్న తాళాల గుత్తిని బట్టి గుర్తుపట్టారనీ అక్కడ కథగా చెప్పుకుంటారు. చూడాలన్న తహతహ మనిషికి పాతదే. కెమేరా ఒక్కటే కొత్తగా వచ్చి చేరింది.

ఆ కెమేరా ఏం చేస్తుందో చెప్పడానికి దూరం వెళ్ళనక్కరలేదు. మన అమరావతికే వెళదాం. 1796 ప్రాంతంలో రాజా వాసిరెడ్డి వెంకటాద్రినాయుడుగారు అక్కడ కొత్త పట్నం కట్టిస్తున్నప్పుడు, రాయి కోసం దీపాలదిన్నె అనే దిబ్బను తవ్వారు. ఆ దిబ్బ కింద ఉన్నది రెండువేల ఏళ్ళనాటి బౌద్ధస్తూపం. శిల్పాలున్న పలకరాళ్ళు కొన్ని కట్టడాల్లోకి పోయాయి, కొన్ని కాలి సున్నమైపోయాయి. మన కావలి సోదరులు బొర్రయ్య, లక్ష్మయ్యలను సహాయకులుగా పెట్టుకుని దక్షిణదేశమంతా తిరిగి చరిత్ర పోగుచేసిన కాలిన్ మెకంజీ, ఆ చోటు ఒకసారి చూసి వెళ్ళి, 1816లో మళ్ళీ వచ్చాడు. తన మనుషులచేత ఆ రాళ్ళకు బొమ్మలు గీయించాడు. అప్పటికి ఫొటో అనేది పుట్టలేదు. ఆ బొమ్మల్లో ఉన్న రాళ్ళు కొన్ని ఇవాళ ఎక్కడా లేవు. చెన్నపట్నం మ్యూజియంలో లేవు, లండన్‌లో లేవు. కాగితం మీద మాత్రమే ఉన్నాయి.

తరవాత ఫొటో వచ్చింది. 1856లో అలెగ్జాండర్ గ్రీన్‌లా అనే కంపెనీ సైనికాధికారి హంపీ శిథిలాలకు వెళ్ళాడు. రాయలవారి మహానవమి దిబ్బ గురించి, భువనవిజయం గురించి పాఠం చెప్పే ప్రతి తెలుగు మాస్టారికీ ఆ చోటు పుట్టిల్లు లాంటిది. గ్రీన్‌లా మైనం పట్టించిన పెద్ద పెద్ద కాగితాలమీద, ఒక్కొక్క బొమ్మకూ ఎంతోసేపు ఎండలో కెమేరా నిలబెట్టి, అరవై పైచిలుకు ఫొటోలు తీశాడు. వాటిలో విఠలాలయపు రాతిరథం ఉంది. మీరెవరూ హంపీ వెళ్ళకపోయినా ఆ రథాన్ని ఎరుగుదురు. 2017 నుంచి వస్తున్న కొత్త యాభైరూపాయల నోటు వెనక్కి తిప్పి చూడండి. రథం మీద శిఖరం లేదు గదా? గ్రీన్‌లా ఫొటోలో ఉంది. ఇటుకలతో కట్టిన గోపురం రథంమీద నిలబడి ఉంది. ఆ తరవాత ఎప్పుడో పోయింది. జాన్ గోలింగ్స్ అనే ఆస్ట్రేలియా ఫొటోగ్రాఫరు 1983లో ఆ పాత ఫొటోలు చేతబట్టుకుని, గ్రీన్‌లా నిలబడిన చోటే నిలబడి, మళ్ళీ అవే ఫొటోలు తీశాడు. రెండూ పక్కపక్కన పెట్టి చూస్తే, నూట ఇరవై ఏడేళ్ళలో ఏది కూలిందో, ఏది నిలిచిందో, ఎక్కడ చెట్టు మొలిచిందో కంటికి తెలుస్తుంది. శిథిలం కూడా స్థిరంగా ఉండదండీ. అదీ రోజురోజుకీ మారుతూనే ఉంటుంది. ఇవాళ మీరు చూసిన పాడుగోడ వచ్చే ఏటికి ఉంటుందన్న హామీ లేదు. ఈ సరదాకున్న మొదటి ప్రయోజనం ఇదే.

అయితే అసలు ఆకర్షణ ప్రయోజనంలో లేదు. ప్రయోజనం చూసుకుని ఎవరూ గబ్బిలాల కంపులోకి వెళ్ళరు. నాకు తోచినంతవరకు సంగతి ఇది. ఇల్లు నిండుగా ఉన్నప్పుడు మనకు ఇల్లు కనిపించదు, మనుషులే కనిపిస్తారు. మనుషులు లేచిపోయిన తరవాత ప్రతి వస్తువూ వాళ్ళను గురించి చెప్పడం మొదలుపెడుతుంది. గడప మధ్యలో పల్లంగా అరిగిన చోటు చూస్తే ఎన్ని వేలసార్లు ఎన్ని పాదాలు దాటాయో అనిపిస్తుంది. గోడమీద క్యాలెండరు తీసేసిన చోట తెల్లగా నలుచదరపు మచ్చ. గోడకు ఆనుకుని కూర్చునేవారి తలనూనె మరక. దూలానికి ఉయ్యాల గొలుసు రాపిడి. కొత్త ఇంట్లో ఇవేవీ ఉండవు. పాడుబడ్డ ఇంటికి వెళ్ళేవాడు, తనకు తెలిసినా తెలియకపోయినా, మనుషుల్ని వెతుక్కుంటూనే వెళతాడు.

ఇక్కడే ఒక చిక్కుంది. మనుషుల్ని వెతుక్కుంటూ వెళ్ళినవాడు గోడ అందం చూసి మనుషుల్ని మరిచిపోయే ప్రమాదముంది.

అమెరికాలో డిట్రాయిట్ నగరం మోటారు కార్ల రాజధాని. 1950 జనాభా లెక్కల్లో 18 లక్షల 49 వేల మంది ఉండేవారు. 2020 నాటికి 6 లక్షల 39 వేలకు దిగిపోయారు. ఇళ్ళు, బళ్ళు, థియేటర్లు వీధులకొద్దీ ఖాళీ అయిపోయాయి. 1913లో తెరిచిన మిచిగన్ సెంట్రల్ అనే మహా రైల్వే స్టేషనులో 1988 జనవరితో రైలుకూత ఆగిపోయింది. ఇక ఎక్కడెక్కడి ఫొటోగ్రాఫర్లూ దిగారు. పగిలిన అద్దాలు, పెచ్చులూడిన పైకప్పులు, నేలమీద చెల్లాచెదరైన బడిపుస్తకాలు. చాలా అందమైన ఫొటోలు, ఖరీదైన పుస్తకాలు వెలువడ్డాయి. అది చూసి ఆ ఊళ్ళో ఉంటున్నవాళ్ళకు మండింది. మా ఉద్యోగాలు పోయి, మా వీధులు చీకటైపోతే, మీకు అది కళ్ళపండుగైందా అన్నారు. వాళ్ళ కోపంలో న్యాయం లేకపోలేదు. లక్షలమంది బతుకుతున్న ఊరిని ఎవరూ లేని ఊరుగా చూపిస్తే, ఉన్నవాళ్ళు ఏమనుకోవాలి?

ఆ స్టేషను కథ మాత్రం సుఖాంతమైంది. 2018లో ఫోర్డు కంపెనీ దాన్ని కొని, బాగుచేయించి, 2024 జూన్‌లో మళ్ళీ జనానికి తెరిచింది. కొన్న కొత్తల్లోనే ఎవరో పేరు చెప్పకుండా ఫోన్ చేశారట. ఇరవయ్యేళ్ళకు పైగా తన దగ్గర దాచుకున్న స్టేషను గడియారాన్ని ఫలానా గోడ పక్కన పెట్టాను, వచ్చి తీసుకుపొమ్మన్నారు. వెళ్ళి చూస్తే ఉంది. ఎత్తుకుపోయినవాడికి కూడా అది ఎవరిదో మనసులో తెలుస్తూనే ఉంటుందన్నమాట.

జపానులో నాగసాకి దగ్గర హషిమా అనే చిన్న దీవి ఉంది. సముద్రం అడుగున బొగ్గు తవ్వడానికి ఆ దీవినిండా కాంక్రీటు మేడలు కట్టారు. 1959లో పదహారు ఎకరాల చోటులో 5,259 మంది కిక్కిరిసి కాపురముండేవారు. 1974 జనవరిలో గని మూశారు. ఏప్రిల్ కల్లా దీవి ఖాళీ. ఇప్పుడది ప్రపంచ ప్రసిద్ధమైన శిథిలం. 2009 నుంచి పడవల్లో యాత్రికుల్ని తీసుకువెళ్ళి, కట్టిన దారి వెంట నడిపించి చూపిస్తున్నారు. 2015లో యునెస్కో జాబితాలో చేరింది. కాని రెండో ప్రపంచయుద్ధకాలంలో ఆ గనిలోకి కొరియావాళ్ళనూ చైనావాళ్ళనూ బలవంతంగా దింపి పని చేయించారు. వాళ్ళ సంగతి ఎంత చెప్పాలి, ఎలా చెప్పాలి అన్నదానిపై రెండు దేశాల ప్రభుత్వాల మధ్య నేటికీ తగవు నడుస్తున్నది. నాచుపట్టిన మేడ ఫొటో ఎంత బాగున్నా, ఆ మెట్లు ఎవరు ఎక్కారో, ఎవరు ఎక్కలేక ఎక్కారో ఆ ఫొటో తనంతట తాను చెప్పలేదు.

అంత దూరమెందుకు, మన చిత్తూరు సరిహద్దు దాటితే కోలారు బంగారు గనులున్నాయి. 1880 నుంచి ఇంగ్లీషు కంపెనీ తవ్వకాలు సాగించింది. 1902లోనే శివసముద్రం జలపాతం నుంచి అక్కడికి కరెంటు తీగలు వేశారు. చాంపియన్ రీఫ్ అనే గని నేలలోకి మూడు కిలోమీటర్లకు పైగా దిగింది. తమిళులతోపాటు మన తెలుగువాళ్ళూ అక్కడికి పనికి వలసపోయారు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. సినిమా పుణ్యమా అని ఇప్పుడా పేరు దేశమంతా తెలుసు. కుర్రవాళ్ళు కెమేరాలతో వెళ్ళి, తుప్పుపట్టిన ఇనుప గోపురాల ఫొటోలు తీసుకుని, కింద దయ్యాల పట్నమని రాస్తున్నారు. కాని కార్మికుల పాత ఇళ్ళ వరసల్లో ఈనాటికీ కుటుంబాలు కాపురముంటున్నాయి. ఆడవాళ్ళు ముంగిట ముగ్గు వేసుకుంటున్నారు. పిల్లలు బడికి పోతున్నారు. ముగ్గు వేసిన ఇంటిని దయ్యాల కొంప అనడం ఏం మర్యాద?

ఈ చర్చంతా పుస్తకాల్లో చదివి తెలుసుకున్నదే. నాకు ఒంటికి పట్టింది మాత్రం మా సొంత ఊళ్ళో.

కృష్ణా జిల్లాలో మా తాతగారు కట్టించిన మండువా ఇల్లు ఒకటుండేది. తొమ్మిదిమంది వాటాదార్లు. ముగ్గురు అమెరికాలో, ఒకరు బెంగుళూరులో, మిగతావాళ్ళం తలో ఊళ్ళో. పదిహేనేళ్ళు తాళం పడి ఉంది. నాలుగేళ్ళ కిందట స్థలం కోసం ఒకాయన కొంటానన్నాడు, అందరూ సరేనన్నారు. పడగొట్టేముందు ఫొటోలు తీసుకుందామని బయలుదేరాను. ఇందాక చెప్పిన మూడో బెంచీ కుర్రవాడు తనూ వస్తానన్నాడు. సంగతి తెలిసి, విజయవాడలో కొడుకు దగ్గరుంటున్న మా మేనత్త, "ఒరేయ్, నన్నూ తీసుకుపోరా. ఒక్కసారి చూసి వస్తాను" అన్నది. అప్పటికి ఆవిడకు ఎనభై దాటాయి.

ఇల్లు ఎలా ఉండాలో అలాగే ఉంది. మండువాలో వేపమొక్క మనిషెత్తు పెరిగింది. పడమటింటి పైపెంకులు జారి కింద పడ్డాయి. ఆ కంతలోంచి పడిన ఎండ స్తంభంలా నిలబడి, దానిలో దుమ్ము తిరుగుతున్నది. మా కుర్రవాడికి పండుగే. స్తంభాలు, దూలాలు, గొళ్ళేలు, దేవుడి గూడు, అన్నీ తీశాడు. కొట్టుగది తలుపు లోపలివైపు చూసి, "మాస్టారూ, ఈ చెక్కమీద గరుకు చూడండి, ఎంత బావుందో!" అన్నాడు. నిజంగానే బావుంది. నల్లబడ్డ టేకు చెక్క, దానినిండా వంకర టింకర గీతలు.

మా అత్త నెమ్మదిగా వచ్చి, ఆ తలుపు దగ్గర ఆగి, కళ్ళజోడు సర్దుకుని వంగింది. చేత్తో తడిమింది.

"ఉన్నాయిరా ఇంకా" అన్నది.

"ఏమిటత్తా?"

"ఎక్కాలు."

దగ్గరికి వెళ్ళి చూస్తే అవి గీతలు కావు, అంకెలు. మేకుతో గీసినవి. కింద నుంచి మొదలై, వరసలు వరసలుగా పైకి వెళ్ళాయి. పిల్ల ఎదిగినకొద్దీ ఎక్కాలు ఎదిగాయన్నమాట.

ఆవిడ మూడో తరగతిలో ఉండగా తమ్ముడు పుట్టాడట. వాణ్ణి ఎత్తుకోవడానికి బడి మాన్పించారు. సాయంత్రాలు వసారాలో మాస్టారు వచ్చి అన్నగార్లకు ఎక్కాలు చెప్పేవారు. ఈవిడ కొట్టుగదిలో తలుపు చాటున, పసివాణ్ణి చంకనేసుకుని వినేది. పలక అడిగితే ఎందుకంటారని అడగలేదు. మేకుతో తలుపు వెనక గీసుకునేది. అక్కడ ఎవరూ చూడరు, సున్నం వేసేవాడు కూడా చూడడు.

"మరి పదమూడో ఎక్కం సగంలో ఆగిపోయిందేం అమ్మమ్మగారూ?" అన్నాడు మా కుర్రవాడు. ఆఖరి వరసలో పదమూడును ఏడుతో హెచ్చవేసినట్టుంది, జవాబు లేదు.

"పెళ్ళి కుదిరింది నాయనా" అని, ఒక్క క్షణం ఆగి, "పదమూడేళ్ళు తొంభై ఒకటి" అన్నది.

ఆవిడ చంకనెక్కి ఆ ఎక్కాలన్నీ విన్న పసివాడు మా నాన్నగారు. ఆయన తరవాత లెక్కల మాస్టారై, ముప్ఫై ఏళ్ళు పనిచేసి రిటైరయ్యారు. ఈ సంగతి ఆయన మాకెప్పుడూ చెప్పలేదు. ఆయనకూ తెలియదనుకుంటాను.

కుర్రవాడు అదే తలుపు మళ్ళీ ఫొటో తీశాడు. ఈసారి అంకెలు చదవడానికి వీలుగా వెలుతురు పక్కనుంచి పడేట్టు తలుపు కాస్త తిప్పి తీశాడు. మా అత్తను పక్కన నిలబెట్టి ఒకటి తీశాడు. రెండు ఫొటోలూ నా దగ్గరున్నాయి, ఉదయం తీసినదీ, మధ్యాహ్నం తీసినదీ. ఒకటే తలుపు, ఒకటే కెమేరా. ఉదయం ఫొటో ఎవరి ఇంట్లోనైనా అలంకారానికి గోడకు తగిలించుకోవచ్చు. మధ్యాహ్నం ఫొటో మా కుటుంబానికి దస్తావేజు.

ఆ తరవాత నెల తిరక్కుండా ఇల్లు పడగొట్టారు. కలప మొత్తం ఒకాయన గుత్తకు కొనుక్కున్నాడు. పాత టేకుకు మంచి గిరాకీ. ఎవరి ఇంటికో తలుపుగానో బల్లగానో మారి ఉంటుంది. కొన్నవాడికి ఆ ఎక్కాలు చిత్రిక పడితే పోయే మచ్చలు. అతన్ని అనడానికేమీ లేదు. చెప్పేవాళ్ళు లేనప్పుడు ఏ పాత గుర్తయినా మచ్చే.

మా ఆవిడ ప్రశ్నకు నా జవాబు ఇదీ. పాడుబడ్డ ఇంట్లో పాములూ తేళ్ళూ ఉన్నాయి, నిజమే. చెప్పేవాళ్ళ కోసం ఎదురుచూస్తున్న గుర్తులు కూడా ఉన్నాయి. కెమేరా గుర్తును పట్టుకుంటుంది. దాని అర్థం మాత్రం మనిషే చెప్పాలి. అందుకని ఈ సరదా ఉన్న పిల్లలకు నేను చెప్పేది ఒక్కటే: శిథిలం దగ్గరికి వెళ్ళేముందు, దాని పక్కింటికి వెళ్ళండి. ఇది ఎవరిది, ఎప్పుడు మూశారు, ఎందుకు మూశారు అని అడగండి. మిల్లు అయితే దానిలో పనిచేసిన కూలీ ఇంకా ఆ వీధిలోనే ఉంటాడు. ఆయన్ను టీ తాగించి కూర్చోబెడితే, మీ వంద ఫొటోలూ చెప్పలేనిది పది మాటల్లో చెబుతాడు.

ఇంకొన్ని పనికివచ్చే మాటలు. ఎవరూ లేనట్టు కనిపించినా ప్రతి ఇంటికీ ఒక యజమాని ఉంటాడు. అనుమతి లేకుండా లోపలికి పోవడం చట్టరీత్యా తప్పు. అడిగితే చాలామంది ఇస్తారు. ఒంటరిగా ఎప్పుడూ వెళ్ళకండి, వెళ్ళే చోటు ఇంట్లో చెప్పి వెళ్ళండి. పుచ్చిపోయిన మేడమెట్లను, చెక్క అంతస్తులను నమ్మకండి. గడ్డి కప్పేసిన నూతులుంటాయి, చూసుకుని అడుగు వేయండి. కాలికి బూట్లు, చేతిలో టార్చిలైటు, ముక్కుకు గుడ్డ ఉండాలి. గబ్బిలాల పెంట దుమ్ము ఊపిరితిత్తులకు మంచిది కాదు. మూతపడ్డ గనులు, ఫ్యాక్టరీల దగ్గర మరీ జాగ్రత్త. కోలారు గుట్టల్లాంటి చోట్ల బంగారం తీయడానికి వాడిన సైనైడు కలిసిన మట్టి కొండలుగా పేరుకుని ఉంది.

ఫొటో సంగతికి వస్తే, ఖరీదైన కెమేరా అక్కరలేదు, మీ సెల్‌ఫోను చాలు. మిట్టమధ్యాహ్నం కాకుండా, ఎండ ఏటవాలుగా పడే ఉదయం పూటో సాయంత్రమో వెళ్ళండి. గోడమీది గీతలూ రాతలూ అప్పుడే తేలి కనిపిస్తాయి. చీకటి గదిలో ఫ్లాషు వేయకండి, అది గుర్తుల్ని చదును చేసేస్తుంది. కెమేరాను కదలకుండా గడపమీదో కిటికీలోనో ఆనించి, నిదానంగా తీయండి. ముందు వీధిలోంచి మొత్తం ఇల్లు, తరవాత ఒక్కొక్క గది నాలుగు మూలల నుంచి, ఆ తరవాతే గొళ్ళేలూ గూళ్ళూ. అన్నిటికన్నా ముఖ్యం, ప్రతి ఫొటోకూ తేదీ, ఊరు, గది పేరు, చెప్పినవాళ్ళ పేరు రాసి పెట్టండి. రాత లేని ఫొటో పదేళ్ళకు మళ్ళీ శిథిలమే.

ఇదంతా కుర్రవాళ్ళ సరదా, మనకెందుకనుకోకండి. ఈ వారపత్రిక చదివే కుటుంబాల్లో, ఊళ్ళో తాళంపడ్డ ఇల్లు ఒకటి లేనివారు తక్కువ. వాటాలు తేలలేదనో, అమ్మడానికి మనసొప్పలేదనో, అమ్మా నాన్నా పోయాక వెళ్ళాలనిపించలేదనో అలా ఉండిపోతుంది. రాబోయే సంక్రాంతికి ఊరు వెళితే, ఒక్క పూట దానికి కేటాయించండి. పిల్లల చేతికి ఫోను ఇచ్చి ఫొటోలు తీయమనండి. ఆ ఇంట్లో పుట్టి పెరిగిన పెద్దవాళ్ళు ఒక్కరున్నా వెంట తీసుకువెళ్ళండి. నడవలేకపోతే కుర్చీలో కూర్చోబెట్టి మోసుకువెళ్ళండి. వాళ్ళు ఏ తలుపు దగ్గర ఆగుతారో చూడండి. అక్కడ ఫొటో తీయండి.